ఫోర్టిఫై: కోటగోడ నుంచి రేషన్ సంచి దాకా

ఇంగ్లీషులో ‘ఫోర్టిఫై’ అంటే బలపరచడం. లాటిన్‌లో ‘ఫోర్టిస్’ అంటే బలమైన, ‘ఫాకెరె’ అంటే చేయడం. ఈ రెండూ కలిసిన మాట ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది. ఫోర్ట్, ఎఫర్ట్, కంఫర్ట్ కూడా ‘ఫోర్టిస్’ సంతానమే. ఊరి చుట్టూ కోటగోడ కట్టినా, ద్రాక్ష సారా చేర్చి పోర్ట్ వైన్‌కు ఘాటు పెంచినా వాడేది ఈ క్రియే.

మన రేషన్ బియ్యం సంచి మీదికీ ఈ మాట ‘ఫోర్టిఫైడ్’ అంటూ వచ్చింది. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి గింజలుగా ఒత్తి, మామూలు బియ్యంలో వందకు ఒక పాలు చొప్పున కలుపుతూ వచ్చారు. రంగు తేడాగా కనిపించగానే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేయకండి. చేర్చిన బలమంతా ఆ గింజల్లోనే ఉంది.