బేస్ గిటార్‌కి స్క్రూలు ఎలా వచ్చాయి?

1951 చివర్లో, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే ఊళ్ళో లియో ఫెండర్ ఒక కొత్త వాయిద్యం తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. దానికాయన పెట్టిన పేరు ప్రెసిషన్ బేస్. ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. సంగీతం వాయించే వస్తువుకి మధురమనో గంభీరమనో పేరు పెట్టాలి గానీ ‘ఖచ్చితం’ అని పెడతారా ఎవరైనా? వెర్నియర్ కాలిపర్స్ అమ్మేవాడికి రావాల్సిన ఆలోచన అది :)

బేస్ గిటార్ చరిత్ర చెప్పేవాళ్ళు మామూలుగా కరెంటు దగ్గర మొదలుపెడతారు. డబుల్ బేస్ సరిగా వినపడేది కాదు, ఫెండర్ దానికి కరెంటు పెట్టాడు, గొడవ తీరిపోయింది అని. నాకిది సగం కథే అనిపిస్తుంది. నిలువుగా నిలబెట్టి వాయించే బేస్‌కి కరెంటు తగిలించిన కంపెనీలు 1930లలోనే ఉన్నాయి. ఫెండర్ చేసిన అసలు పని వేరే. అప్పటిదాకా పనివాడి చేతిలో ఉన్న సర్దుబాటు మొత్తాన్ని తీసుకొచ్చి వాయించేవాడి చేతిలో పెట్టాడు, ఒక స్క్రూడ్రైవర్‌తో సహా.

ముందు పాత వాయిద్యం సంగతి చూద్దాం. డబుల్ బేస్ దాదాపు ఆరడుగుల ఎత్తుంటుంది. ఎక్కువమంది వాడేది ‘ముప్పాతిక’ సైజు. పేరుకే ముప్పాతిక, నిజానికి అదే అందరి ప్రమాణం. మోగే తీగ పొడుగు సుమారు 105 సెంటీమీటర్లు. వయొలిన్‌కి అది 33 దాకా ఉంటుందంతే. మెట్లు ఉండవు. కింది స్వరాల దగ్గర ఒక అరస్వరానికీ తర్వాతి అరస్వరానికీ మధ్య దూరం ఆరు సెంటీమీటర్లకి కాస్త తక్కువ. వేలు ఎక్కడ పెట్టాలో చెయ్యి గుర్తుపెట్టుకోవాలి, చెవి సరిచూడాలి. అందుకే వయొలిన్‌లా ఐదేసి స్వరాల తేడాతో కాకుండా నాలుగేసి స్వరాల తేడాతో ఇ, ఎ, డి, జి అని శ్రుతి చేస్తారు, చెయ్యి తక్కువ జరగాలని. పంతొమ్మిదో శతాబ్దంలో చాలామంది మూడు తీగలతోనే సరిపెట్టుకునేవాళ్ళు. ఆ కాలంలో బేస్ వాయించి యూరప్ అంతటా పేరు తెచ్చుకున్న డ్రాగొనెట్టి, బొట్టెసీని ఇద్దరివీ మూడు తీగలవే.

ఇక దీన్ని సెట్ చేయడం అనేది ఒక విద్య. తీగలు ఎత్తుగా ఉంటే బ్రిడ్జిని చెక్కాలి, చెక్కిన చెక్క మళ్ళీ రాదు. పొట్ట లోపల ముందు పలకకీ వెనక పలకకీ మధ్య ఒక చిన్న కర్ర నిలబడి ఉంటుంది, సౌండ్ పోస్ట్ అంటారు. జిగురుండదు, మేకుండదు, బిగుతు మీదే నిలుస్తుంది. దాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపితే గొంతే మారిపోతుంది. గాలిలో తేమ పెరిగితే పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, చలికాలం ఎండిపోతే కిందకి దిగుతాయి. ఎండాకాలానికొకటి, చలికాలానికొకటి రెండు బ్రిడ్జిలు పెట్టుకునేవాళ్ళున్నారంటే చూడండి! తర్వాత్తర్వాత బ్రిడ్జి కాళ్ళలో తిప్పుకునే చక్రాలు వచ్చాయి గానీ మిగతాదంతా ఇప్పటికీ పనివాడి పనే.

ఫెండర్ కంటే ముందు ఈ చిక్కు విప్పినవాడు ఒకాయన ఉన్నాడు. సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్. 1930ల రెండో సగంలో ఆడియోవాక్స్ 736 అని మెట్లున్న, అడ్డంగా పట్టుకు వాయించే ఎలక్ట్రిక్ బేస్ చేశాడు. కొద్దిగానే అమ్ముడైంది. అందరూ మర్చిపోయారు. మన ఫీల్డ్‌లో కూడా ముందొచ్చినవాడి గతి చాలాసార్లు ఇంతే.

లియో ఫెండర్ చదివింది అకౌంటింగ్. 1938లో రేడియో రిపేరు షాపు పెట్టాడు. గిటార్ వాయించడం రాదు. నా ఉద్దేశంలో ఇదే ఆయనకి కలిసొచ్చింది. రేడియో బాగుచేసేవాడికి ఒక వస్తువు గురించి వచ్చే మొదటి ప్రశ్న, పాడైతే విప్పడమెలా అని. అందుకే ఆయన గిటార్లలో నెక్‌ని జిగురుతో అంటించలేదు, నాలుగు స్క్రూలతో బిగించాడు. పాడైతే విప్పి ఇంకోటి బిగించుకోవడమే. తీగ పొడుగు విషయంలో ఆయన టెలీకాస్టర్‌కి 25.5 అంగుళాలు, డబుల్ బేస్‌కి 41 పైచిలుకు. మధ్యలో 34 దగ్గర ఆగాడు. డెబ్బై ఏళ్ళు దాటినా ప్రపంచంలో ఎక్కువ బేస్ గిటార్లు ఆ 34 మీదే ఉన్నాయి. శ్రుతి మాత్రం మార్చలేదు, అవే ఇ, ఎ, డి, జి. పాత బేస్ వచ్చినవాడికి స్వరాల వరస కొత్తగా నేర్చుకునే పని లేదన్నమాట. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటే ఇదీ.

మెట్ల లెక్క సులువే. ఉన్న పొడుగుని 17.817తో భాగించి అక్కడ మొదటి మెట్టు, మిగిలినదాన్ని మళ్ళీ అదే సంఖ్యతో భాగించి రెండోది, ఇలా పోతూనే ఉండాలి. 34 అంగుళాలకి పన్నెండో మెట్టు సరిగ్గా 17 దగ్గర వస్తుంది. కానీ తీగని మెట్టు మీదకి నొక్కగానే అది కాస్త బిగుస్తుంది, శ్రుతి కొంచెం పైకి పోతుంది. లావు తీగకి ఈ తేడా ఎక్కువ. దాన్ని సరిచేయాలంటే ఒక్కో తీగ చివరని బ్రిడ్జి దగ్గర ఒక్కో రకంగా వెనక్కి జరపాలి. మన వీణలో మెట్లు మైనంలో కూర్చుతారు కాబట్టి మేళం కట్టేవాళ్ళు మెట్టునే జరుపుతారు. గిటార్‌లో మెట్టు కదలదు, తీగ ఆనే దిమ్మ కదలాలి. ఆ చిన్న దిమ్మని శాడిల్ అంటారు.

ఇక్కడే తమాషా. 1951 ప్రెసిషన్ బేస్‌లో నాలుగు తీగలకి శాడిళ్ళు రెండే! రెండు తీగలకి ఒకటి చొప్పున. ఇ తీగకి సరిచేస్తే ఎ తప్పుతుంది, ఎ సరిచేస్తే ఇ తప్పుతుంది. పేరేమో ఖచ్చితం. తీగకొక శాడిల్ రావడానికి 1957 దాకా ఆగాల్సి వచ్చింది. ఆరేళ్ళ తర్వాత ప్యాచ్ రిలీజ్ చేశారు అనుకోవచ్చు.

కొత్తదాన్ని సంగీతజ్ఞులు ఎగబడి కొనేశారా అంటే, లేదు. లయొనెల్ హాంప్టన్ బృందంలో మంక్ మాంట్‌గోమెరీ 1950ల మొదట్లోనే దీన్ని పట్టుకుని ఊరూరా తిరిగాడు, 1953లో రికార్డింగుల్లోనూ వాయించాడు. జాజ్ వాళ్ళలో చాలామంది మాత్రం చాలాకాలం ముఖం చిట్లించుకునే ఉన్నారు. 1957లో ఎల్విస్ ప్రెస్లీ పాట ఒకటి రికార్డు చేస్తుండగా, ఆయన దగ్గర డబుల్ బేస్ వాయించే బిల్ బ్లాక్ ఈ కొత్తదానితో కుస్తీ పట్టి, విసుగొచ్చి కింద పడేసి పోతే ఎల్విసే తీసుకుని వాయించాడని చెబుతారు. ఎంపికలు కూడా ఎప్పుడూ ధ్వనిని బట్టే జరగలేదు. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో హాఫ్‌నర్ కొనడానికి కారణాలు రెండు. ఫెండర్ కొనే డబ్బుల్లేవు, ఇది ముప్ఫై పౌండ్లే. పైగా వయొలిన్ ఆకారం కాబట్టి ఎడమచేతి వాటానికి తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనపడదు. అంతే! ఆ చవకరకం బేస్ 1972లో దొంగతనానికి గురై, తిరిగి దొరికిందని 2024లో ప్రపంచమంతా వార్త రాసింది.

స్క్రూలు చేతికిచ్చాక వాళ్ళేం చేశారన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి 1960లంతా బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ డబుల్ బేస్ మీద చేయి తిరిగినవాడు. ఆయన 1962 ప్రెసిషన్ బేస్‌లో తీగలు బాగా ఎత్తు, లావుపాటి నున్నటి చుట్టు తీగలు, అవి తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జి దగ్గర స్పాంజి ముక్క. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. ఇవాళ ఏ షాపుకి తీసుకెళ్ళినా ‘సార్, సెటప్ అస్సలు బాలేదు’ అంటారు. కానీ ఆ మొద్దుగా, గుండెమీద తట్టినట్టుండే శబ్దం కోసమే ఇప్పటికీ జనం నున్నటి తీగలు వెతుక్కుంటారు. సరిగ్గా దీనికి తిరకాసుగా లండన్‌లో ద హూ బృందం జాన్ ఎంట్‌విసిల్ పియానోలా ఖంగున మోగే తీగలు కావాలన్నాడు. 1966లో రోటోసౌండ్ కంపెనీతో కలిసి గుండ్రటి చుట్టు తీగల్ని తేల్చాడు. వాయిద్యం దాదాపు అదే, తీగ మారింది, రెండు వేర్వేరు సంగీతాలు పుట్టాయి.

జాకో పాస్టోరియస్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఆయన 1962 జాజ్ బేస్‌కి మెట్లే లేవు. తనే పీకేశాడనీ, కొనేటప్పటికే లేవనీ రెండు కథలున్నాయి. ఆ గాడుల్ని పూడ్చి, పడవలకి వేసే ఎపాక్సీ పూత పూశాడు. 1976లో ఆయన మొదటి ఆల్బం వచ్చాక ఆ గొంతు కోసం ఎంతమంది మెట్లు పీకేసుకున్నారో! ఫెండర్ ఖచ్చితం కోసం పెట్టినవి అవేగా మరి. వీణ పక్కన గోటువాద్యం ఉన్నట్టే, బేస్ గిటార్ పక్కన మెట్లు లేని బేస్‌కీ స్థానం స్థిరపడింది.

మనకి బేస్ గిటార్ అనేది ఒకటుందని తెలిసొచ్చింది ఇళయరాజా పాటలతోనే అని నా అభిప్రాయం. గీతాంజలి (1989) పాటల్లో బేస్ వంత పాడదు, పక్కన ఇంకో పాట పాడుతుంది. తమాషా ఏంటంటే కింది ఇ తీగ 41 హెర్ట్జ్. అప్పటి ట్రాన్సిస్టర్ స్పీకర్లలో అది అసలు రాదు. పైన మోగే అనుస్వరాలు విని మన చెవే అడుగు స్వరాన్ని ఊహించుకునేది.

ఇంత చరిత్ర తెలిస్తే కొనేటప్పుడు చూసే చూపు మారుతుంది. తలమీద బ్రాండు పేరు తర్వాత చూడొచ్చు, ముందు స్క్రూలలో ఇంకా తిరిగే చోటుందా అని చూడాలి. నాలుగు తీగలూ కలిసి నెక్‌ని డెబ్బై కేజీల పైన లాగుతుంటాయి. ఆ లాగుడికి ఎదురుగా లోపల ట్రస్ రాడ్ అనే ఇనపకడ్డీ ఉంటుంది. అది ఇప్పటికే చివరిదాకా బిగిసి ఉంటే ఆ బేస్ వదిలేయండి. నెక్ మెలి తిరిగుంటే ఏ రాడ్డూ బాగుచేయలేదు. శాడిళ్ళు ముందుకో వెనక్కో పూర్తిగా ఆనిపోయి ఉంటే అదీ అనుమానించాల్సిందే. వేళ్ళు పొట్టివైతే పైభాగంలో 38 మిల్లీమీటర్ల వెడల్పుండే జాజ్ బేస్ రకం, లేదా 30 అంగుళాల పొట్టి బేస్ హాయి. పాత ప్రెసిషన్ నమూనాల్లో అదే వెడల్పు 44 దాకా ఉంటుంది.

సెటప్‌కి వరస ముఖ్యం. ముందు మీరు వాడబోయే తీగలు వేసి శ్రుతి చేయండి. మొదటి మెట్టూ చివరి మెట్టూ నొక్కి పట్టి, ఏడో ఎనిమిదో మెట్టు దగ్గర తీగ కింద ఎంత సందుందో చూడండి, 0.3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. లేకపోతే రాడ్‌ని పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకుండా, మళ్ళీ శ్రుతి చేసి చూసుకుంటూ పోవాలి. ఆ తర్వాత తీగల ఎత్తు, పదిహేడో మెట్టు దగ్గర 2 నుంచి 2.4 మిల్లీమీటర్లు. అన్నిటికంటే చివర శాడిళ్ళు ముందుకీ వెనక్కీ. ముందుదేది మార్చినా తర్వాతవన్నీ మళ్ళీ చేయాలి. తీగల లావు మారిస్తే మొత్తం మొదటికొస్తుంది. హైదరాబాద్ ఎండల్లో సెట్ చేసిన నెక్ విశాఖ వానాకాలంలో అలాగే ఉంటుందని అనుకోకండి. కొయ్య అది, ఊరికే ఉండదు.

డబుల్ బేస్ కొనే ధైర్యం ఎవరికైనా ఉంటే, మన వాతావరణానికి మొదటిదిగా ప్లైవుడ్‌దే మేలు, చెక్కినదాని కంటే పగుళ్ళు తక్కువ. దానికి మాత్రం స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్ళకండి. తీగలు మార్చేటప్పుడు కూడా ఒకటి విప్పి, కొత్తది బిగించి, అప్పుడు రెండోది విప్పాలి. నాలుగూ ఒకేసారి వదులు చేస్తే లోపలి కర్ర టక్కున పడిపోతుంది. మళ్ళీ దాన్ని పక్కనున్న సన్నటి కంతలోంచి వంకర ఇనపచువ్వతో నిలబెట్టడం తెలిసినవాళ్ళని వెతుక్కుంటూ తిరగాలి.