మారియో స్వెట్టరు, నరసాపురం లేసు

ముప్పై అయిదు, నలభై దాటిన వాళ్ళకి మారియో అనగానే బొమ్మకన్నా ముందు ఆ పాట చెవుల్లో మోగుతుంది. వేసవి సెలవుల్లో మన రాజమండ్రి, భీమవరం, అమలాపురం ఇళ్ళల్లో టీవీ వెనక వైర్లు తగిలించి మగపిల్లలు చెరో రిమోటు పట్టుకుని కూర్చునేవారు. ఆడపిల్లల వంతు వచ్చేసరికి కరెంటు పోవడమో, అన్నాలకి పిలుపు రావడమో జరిగేది. ఆ పెట్టెల పేర్లు గుర్తున్నాయా? సమురాయ్, లిటిల్ మాస్టర్, టెర్మినేటర్. మన ఊళ్ళలో తిరిగినవాటిలో చాలా మటుకు జపాను కంపెనీ నింటెండో పెట్టెకి నకళ్ళే. క్యాసెట్టు మీద 9999 ఆటలని ఉండేది, లోపల మాత్రం పట్టుమని పదో ఇరవయ్యో ఆటలే మళ్ళీ మళ్ళీ వచ్చేవి.

అసలు నింటెండో మొదట ఆడించింది పేకాట. 1889లో క్యోటో నగరంలో పూల బొమ్మల పేకముక్కలు చేతితో తయారుచేసే కొట్టుగా మొదలైంది. మారియో పుట్టింది 1981లో, డాంకీ కాంగ్ అనే ఆటలో. అప్పుడు ఇంకా పేరు లేదు, దూకుతాడు కాబట్టి జంప్‌మాన్ అన్నారు. వృత్తి వడ్రంగం. అమెరికాలో ఆ కంపెనీకి గిడ్డంగి అద్దెకిచ్చిన ఇంటాయన పేరు మారియో సెగాలీ, ఆ పేరే ఇతనికి పెట్టేశారు. ఇంత చిన్న బొమ్మలో నోరు గీయడం కుదరక మీసం, జుట్టు కదిలించడం కష్టమై టోపీ పెట్టారట. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. ఇప్పుడు మనం ఫోన్లో పంపుకునే గుడ్ మార్నింగ్ ఫొటో దానికన్నా పెద్దది! అందుకే ఆటలో ఆకాశంలో మబ్బు, నేల మీద పొద రెండూ ఒకటే బొమ్మ, రంగు మార్చారంతే. ఒకే చీరకి బ్లౌజు మార్చి రెండు పెళ్ళిళ్ళకి వెళ్ళినట్టు.

ఇదంతా మగపిల్లలకి తెలిసిన సంగతే. వాళ్ళకి పెద్దగా తెలియనిది మరోటి ఉంది.

1986 ఆగస్టులో జపానులో మారియో పేరుతో ఒక డిస్కు వచ్చింది. అందులో శత్రువుల్లేరు, గొట్టాల్లేవు, రాకుమారి లేదు. స్వెట్టరు డిజైను గీసుకోవడమే పని. పేరు కూడా 'నేను టీచర్ని: సూపర్ మారియో స్వెట్టరు' అని. రాయల్ అనే కుట్టుపని సామాన్ల కంపెనీ తెచ్చింది. తెర మీద గళ్ళు నింపుతూ మారియోనో, పుట్టగొడుగునో అల్లిక నమూనాగా వేసుకోవాలి. డిస్కు కంపెనీకి పంపి డబ్బు కడితే ఆ డిజైనుతో స్వెట్టరు వచ్చేది. అదే వరసలో చేతి అల్లిక పాఠాలు నేర్పే డిస్కు కూడా ఒకటి వచ్చింది. రెండూ జపాను దాటలేదు. దాటి మనదాకా వచ్చినా గోదావరి జిల్లాల్లో స్వెట్టరు తొడుక్కునేదెప్పుడు లెండి, సంక్రాంతి ముందు నాలుగు తెల్లవారుజాములు.

తర్వాతి ఏడాది అమెరికాలో ఇంకో ఆలోచన చేశారు. ఆట పెట్టెకి తగిలించే అల్లిక యంత్రం. కరపత్రం వరకూ వచ్చింది గానీ బజారుకి రాలేదు. అక్కడ పనిచేసిన హోవర్డ్ ఫిలిప్స్ 2012లో ఆ కరపత్రం బయటపెట్టేదాకా చాలామందికి అలాంటిది ఒకటుందనే తెలియదు. 2000 నాటికి జాగ్వార్ అనే జపాను కంపెనీ, అమెరికాలో మనందరికీ తెలిసిన సింగర్ కంపెనీ, పిల్లల చేతి ఆట యంత్రం గేమ్‌బాయ్‌తో నడిచే కుట్టుమిషన్లు నిజంగానే అమ్మాయి. కుట్టు ఎంచుకోవడం గేమ్‌బాయ్ మీదే. 2001లో జపానులో మారియో బొమ్మల్ని ఎంబ్రాయిడరీ చేసే క్యాసెట్టు కూడా వచ్చింది. ఇవాళ అవి పాత వస్తువులు పోగేసేవాళ్ళ బీరువాల్లో తప్ప కనపడవు.

ఆడవాళ్ళని ఆట దగ్గరికి రప్పించాలంటే ముందు సూది చూపించాలని ఇన్నిసార్లు ఎందుకు అనిపించిందో! మాకు ఆటే ఇస్తే ఆడేవాళ్ళం కాదా?

ఇక్కడే నాకు మన నరసాపురం గుర్తొస్తుంది. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతుల ద్వారా ఈ లేసు మన డెల్టాకి వచ్చిందని చెబుతారు. నరసాపురం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల ఊళ్ళలో వేల మంది ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని క్రోషా సూదితో అల్లినవి ఓడలెక్కి యూరప్ బల్లల మీద పరచుకున్నాయి. పువ్వులల్లేది చేతిపని, వాటిని కలిపేది అతుకుపని. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లింది పట్టుకెళ్తాడు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు మన పల్లెల్లో తిరిగి 1982లో పుస్తకం రాసింది. ఆమె చూపించింది ఒక్కటే సంగతి. రోజులో ఆరేడు గంటలు అల్లే ఆ మనిషిని లెక్కల్లో పనిమంతురాలని రాయలేదు, గృహిణి అని రాశారు. పొలం పని చెయ్యకుండా ఇంటిపట్టునే ఉండటం పరువు కదా, కాబట్టి లేసు తీరిక వేళ కాలక్షేపం. కాలక్షేపానికి కూలి ఎంతిస్తారు? ఎంత తక్కువైనా ఇవ్వచ్చు. ఎగుమతి లాభం మాత్రం కాలక్షేపం కాలేదు.

జపానులో అల్లికని ఆటగా అమ్మారు, తెర ముందు కూర్చున్నామె డబ్బిచ్చి కొనుక్కుంది. ఇక్కడ పనిని ఆటలా లెక్కేసి, అల్లినామెకి చిల్లర చేతిలో పెట్టారు. స్వెట్టరు డిస్కు కనీసం టీచర్ని అని పేరు పెట్టుకుంది. మన లేసు మీద అల్లినవాళ్ళ పేరెక్కడా ఉండదు. 2024లో నరసాపురం క్రోషా లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అందులో ఊరి పేరైనా ఉంది.

ఇంకో ముచ్చట. గళ్ళ లేసు అల్లేవాళ్ళకి గ్రాఫు కాగితం తెలుసుగా, నిండు గడి, ఖాళీ గడి. మారియో బొమ్మ కట్టిందీ సరిగ్గా అలాగే. పుట్టగొడుగు తినకముందు చిన్న మారియో ఎత్తు 16 గళ్ళు, వెడల్పు 12, దారాలు మూడే రంగులు. మా ఇంట్లో పిల్లల గది కర్టెను అంచుకి మొన్ననే మొదలుపెట్టాను. టోపీ అయిపోయింది, మీసం దగ్గర ఉన్నాను.