గురక యంత్రం – కొంత చరిత్ర, కొంత స్వానుభవం

ట్రెజరీలో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఎక్కడ చిల్లు కనబడినా పూడ్చేయడం నాకు అలవాటు. డెబ్బై మూడో ఏట ఆ అలవాటే నా ప్రాణం మీదికి తెచ్చింది.

నిద్రలో నాకు గురకతో పాటు ఊపిరి ఆగుతున్నదని మా ఆవిడ కనిపెట్టింది. డాక్టరుగారు పరీక్ష చేయించి, స్లీప్ ఆప్నియా అని తేల్చి, సీపాప్ యంత్రం రాశారు. ఒత్తిడి 9 దగ్గర పెట్టారు. మాస్కుకున్న సన్నని రంధ్రాల్లోంచి గాలి బుసబుసమని పోతుంటే, అది లీకేజీ అనుకుని సగం రంధ్రాలకు ప్లాస్టరు అంటించాను. ఒత్తిడి కూడా మనవడి చేత 4కు దింపించాను. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే తలనొప్పి, దిమ్ము. డాక్టరుగారు మాస్కు చూసి, "మీరు వదిలిన గాలినే మీరు మళ్ళీ పీలుస్తున్నారండీ" అన్నారు. ఆ మాట వెనుకనున్న చరిత్రను చదివి తెలుసుకున్నంత మేరకు రాస్తున్నాను.

మనం హైస్కూల్లో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్న కార్బన్ డయాక్సైడే ఇందులో ముఖ్య పాత్ర. మన ఊపిరిని నడిపించేది ప్రధానంగా ఈ వాయువేనని 1905లో ఇంగ్లండులో జాన్ స్కాట్ హాల్డేన్, ప్రీస్ట్‌లీ చూపించారు. ఈ హాల్డేన్ కుమారుడే మన దేశంలో స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన జె.బి.ఎస్. హాల్డేన్. రక్తంలో దీని పీడనం 35 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి.

1956లో అమెరికాలో బర్వెల్ బృందం ఒక స్థూలకాయుని సంగతి ప్రకటించింది. పేకాటలో గెలిచే ముక్కలు చేతిలో ఉండగానే ఆయన నిద్రలోకి జారిపోయాడట! రక్తంలో ఈ వాయువు పేరుకుపోయి ఉంది. డికెన్స్ నవలలోని నిద్రమొద్దు కుర్రవాణ్ణి తలచుకుని ఆ జబ్బుకు పిక్‌విక్ పేరు పెట్టారు. అలాంటి రోగులకు నిద్రలో గొంతు మూసుకుపోతున్నదని 1965లో యూరపు వైద్యులు కనిపెట్టారు. ఆ రోజుల్లో జబ్బు ముదిరితే గొంతుకు రంధ్రం చేయడమే చికిత్స.

ఆ ఆపరేషనుకు ఇష్టపడని ఒక రోగికి 1980 జూన్‌లో సిడ్నీలో కోలిన్ సల్లివాన్ ముక్కు ద్వారా గాలి ఒత్తిడి ఇచ్చి చూశారు. రాత్రంతా గొంతు తెరుచుకునే ఉంది. ఐదుగురు రోగుల ఫలితాలు 1981లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. వాడిన ఒత్తిడి 4.5 నుంచి 10 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం.

ఇక ఒత్తిడికీ ఆ వాయువుకూ సంబంధం. సీపాప్ గొంతును తెరిచి ఉంచుతుంది, అంతే; ఊపిరి మనమే తీయాలి. మనం వదిలిన గాలి బయటికి పోయే దారి ఆ చిన్న రంధ్రాలే. ఒత్తిడి తగ్గితే వాటిలోంచి పోయే గాలీ తగ్గి, విడిచిన గాలి మాస్కులో నిలుస్తుంది. అందుకే చాలా యంత్రాల్లో 4 కన్నా కిందికి దిగనివ్వరు. 1995లో ఫెర్గూసన్, గిల్‌మార్టిన్ అనే వైద్యులు రెండంచెల ఒత్తిడి యంత్రాల్లోనూ ఈ ఇబ్బందిని గుర్తించారు.

పోనీ ఒత్తిడి పెంచేద్దామా? అదీ పనికిరాదు. కొందరికి ఆ వాయువు మరీ తగ్గిపోయి, మెదడు ఊపిరి తీయమని చెప్పడమే మానేస్తుంది. పైనుంచి ఆర్డరు రాలేదని గుమాస్తా చేతులు కట్టుకు కూర్చున్నట్టన్నమాట! మెలకువలోనే 45 దాటి ఉన్న కొందరికి సీపాప్ చాలదు. వారికి పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇచ్చే రెండంచెల యంత్రం పెడతారు. ఆ రెంటి మధ్య తేడాయే వాయువును బయటికి పంపుతుంది.

కాబట్టి సోదర పెన్షనర్లకు నా మనవి: మాస్కు రంధ్రాలు మూయకండి. ఒత్తిడి అంకె డాక్టరు మార్చవలసినదే గాని మనం దిద్దవలసిన పద్దు కాదు. పొద్దున్నే తలనొప్పి, పగలు మగత ఉంటే వెంటనే చెప్పండి. నేను ప్లాస్టరు పీకేసి, మళ్ళీ 9 పెట్టించుకున్నాను. తలనొప్పి పోయింది. ఆ బుసబుస ఇప్పుడు మా ఆవిడకు ధైర్యం. అది వినబడితే గాని తనకు నిద్ర పట్టడం లేదట.

ఇక శలవు.