భూగర్భజల పరిశీలనము – ప్రజాభాగస్వామ్యము (కడప జిల్లా)

బావులలోని నీటిమట్టమును, వర్షపాతమును, నీటి గుణమును ఆ నీటి నాశ్రయించి బ్రతుకు గ్రామస్థులే క్రమముగా గమనించి, లెక్కలు వ్రాసికొని, తదనుగుణముగా సేద్యమును సాగించు పద్ధతి ప్రజాభాగస్వామ్య జలపరిశీలన మనబడును.

పూర్వరంగము: పెన్న, కుందూ నదుల పరిసరములందలి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములకు నల్లరేగడి నేలలును, కొంతమేరకు కాలువనీరును కలవు. పులివెందుల ప్రాంతము మాత్రము చీనీ, అరటి తోటలకు చిరకాలము బోర్లనే నమ్ముకొన్నది. 1971లో రాష్ట్ర భూగర్భజల శాఖ ఏర్పడిన పిమ్మట నీటిమట్టములను కొలుచుట ఉద్యోగుల కార్యముగా నుండెను. నెదర్లాండ్స్ సహాయముతో 1995లో ఆరంభమైన ఏపీవెల్ పథకము, చిన్న రైతులకు ఉమ్మడి బోర్లు త్రవ్వించుచునే, ఆ నీటిని కాపాడు భారమును వారికే అప్పగింపవలయునని గుర్తించెను.

రైతుల కొలతలు: ఏపీవెల్ పథకమును అనుసరించి 2003లో ఆరంభమై, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో కడపతో కూడ ఏడు కరవు జిల్లాలలో నడచిన ఏపీఫామ్స్ పథకమున, స్త్రీపురుషులైన రైతులు వర్షమాపకమును దినదినము పరికించుచు, పదునైదు దినముల కొకమారు పరిశీలన బావుల నీటిమట్టమును కొలిచి, మోటారు పోయు నీటిని డ్రమ్ముతోను గడియారముతోను లెక్కించి, ఫలితములను ఊరివారందరు చూచునట్లు బోర్డులపై వ్రాసిరి. రబీకి ముందు సమావేశమై, భూమిలో ఎంత నీరున్నది, తాము తలపెట్టిన పైరుల కెంత కావలయునని బేరీజు వేసికొనిరి. ఎవనినిగాని ఫలానా పంట వేయరాదని శాసింపలేదు. లెక్క తెలిసిన రైతు తనంత తానే వరిని తగ్గించుకొని ఆరుతడి పైరులకు మరలునని ఈ పద్ధతికి మూలమైన విశ్వాసము. 2010లో ప్రపంచ బ్యాంకు ప్రకటించిన నివేదిక దీనిని ప్రశంసించెను.

నీటి గుణము: మట్టమును కొలుచుట కొక త్రాడు చాలును, గుణమును కనుగొనుటకు చాలదు. పులివెందులకు సమీపమున వేముల మండలములోని తుమ్మలపల్లెలో యురేనియం కర్మాగారము పని ఆరంభించిన తరువాత, వ్యర్థముల చెరువు చెంతనున్న కె.కె. కొట్టాల మొదలగు గ్రామముల వారు బోరునీరు చెడినదనియు, తోటలు దెబ్బతిన్నవనియు మొరపెట్టుకొనిరి. కర్మాగారమును నడపు సంస్థ ఆ ఆరోపణను నిరాకరించెను. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి విచారణకు పూనుకొనెను. కీడును ముందుగా పసిగట్టినది గ్రామస్థులే యైనను, దానిని నిరూపించు సాధనములు వారి చేతిలో లేవు.

వర్తమానము: 2019లో ప్రకటింపబడిన కేంద్ర ప్రభుత్వ త్రాగునీటి పథకమగు జల్ జీవన్ మిషన్, గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్షా పెట్టెల వినియోగమున శిక్షణ నీయవలెనని నిర్దేశించినది. ఫ్లోరైడు, నైట్రేటు, కాఠిన్యము వంటివానిని వారు ఊరిలోనే తెలిసికొనవచ్చును; యురేనియమునకు మాత్రము నేటికిని ప్రయోగశాలయే శరణ్యము.