గ్యారేజీలో దొరికిన కొయ్య సుత్తి

ఏదీ అమ్మలూ, ఆ సుత్తి ఇలా ఇవ్వు. ఎక్కడ దొరికింది? మంచు ఎత్తే పారల వెనకా? దీన్ని పారేయమని మీ నాయనమ్మ ఎన్నిసార్లు పోరిందో. పిడి చూడు, ఎలా వదులైపోయిందో. ఈ చీలికలో నారింజ రంగు ఇంకా అంటుకునే ఉంది. ఇది మేకులు కొట్టే సుత్తి కాదు. ఇళ్ల ముందు గడ్డిలో ఎలక్షన్ బోర్డులు పాతిన సుత్తి. నువ్వూ రారా, ఆ ఫోను పక్కన పడేసి ఇలా కూర్చో. మంట కాస్త పెంచండి. ఈ మంచు తెల్లారేదాకా ఆగేలా లేదు.

నేను ఏ పార్టీ మనిషినో మీకు తెలుసు. ఎన్డీపీ, న్యూ డెమోక్రటిక్ పార్టీ. మా నాన్న కృష్ణా జిల్లాలో కంకి కొడవలి జెండా మోసినవాడు. 1955లో ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీ గెలిచి తీరుతుందని ఊరూరా అనుకున్నారు. తీరా చూస్తే 196 సీట్లకు 15 వచ్చాయి. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మర్నాడు పొద్దున్నే నాన్న జెండా కర్ర కడిగి, నూనె రాసి, దూలానికి ఆనించి పెట్టాడు. ఏమీ మాట్లాడలేదు. నాకు రాజకీయం అంటే ఇప్పటికీ ఆ నూనె రాసిన కర్రే కళ్ల ముందుకొస్తుంది.

నేను 1973లో కెనడాకు, ఈ టొరంటోకు వచ్చాను. డాన్‌ఫోర్త్ దగ్గర ఒక ఇంటి బేస్‌మెంట్లో అద్దెకుండేవాణ్ణి. ఆ వీధంతా గ్రీకుల కొట్లు. మనవాళ్ల ముఖాలు చూడాలంటే గెరార్డ్ వీధికి నడిచి, నాజ్ థియేటర్లో హిందీ సినిమా చూసి రావాల్సిందే. రోడ్డు మీద పోతుంటే కారు అద్దం దించి "పాకీ" అని అరిచి పోయేవాళ్లు. అప్పట్లో అది మామూలు. అలాంటి రోజుల్లో, 1978లో, మా నియోజకవర్గానికి ఉప ఎన్నిక వచ్చింది. బ్రాడ్‌వ్యూ. మా పార్టీ ఎంపీ జాన్ గిల్బర్ట్ జడ్జిగా వెళ్లాడు, సీటు ఖాళీ అయింది.

అప్పుడు ప్రధాని పియర్ ట్రూడో, మీకు తెలిసిన జస్టిన్ ట్రూడో వాళ్ల నాన్న. ఆయన సాధారణ ఎన్నికలు ఇదిగో అదిగో అంటూ వాయిదా వేస్తూ వచ్చాడు. ఈలోపు ఒక్కొక్క సీటే ఖాళీ అవుతూ పోయింది. చివరికి అక్టోబరు 16న ఒక్కరోజే 15 చోట్ల ఉప ఎన్నికలు పెట్టారు. వాటిలో ఆయన పార్టీ లిబరల్స్‌కు దక్కినవి రెండే రెండు. జనం ఎంత కాచుకుని ఉన్నారో చూడండి.

ఉప ఎన్నికంటే చాలామందికి చిన్నచూపు. ప్రభుత్వం పడేదీ లేదు, నిలబడేదీ లేదు, మనం పోయి ఓటెయ్యకపోతే ఏమైందంటారు. నేను ఒప్పుకోను. ప్రభుత్వం మారదని తెలిసినప్పుడే మనిషి భయం లేకుండా మనసులో మాట చెబుతాడు. పెద్ద ఎన్నికలో వాణ్ణి ఓడించాలి, వీణ్ణి రానివ్వకూడదు అనే లెక్కలుంటాయి. ఉప ఎన్నికలో ఆ లెక్క ఉండదు. అందుకే ఈ దేశంలో మా బోటి చిన్న పార్టీలు ఊపిరి పోసుకున్నదల్లా ఉప ఎన్నికల్లోనే.

సరే, పార్టీ ఆఫీసుకెళ్లి పని చేస్తానన్నాను. ఒక అట్ట, దానికి క్లిప్పుతో పెట్టిన ఓటర్ల జాబితా, పెన్సిలు, ఈ సుత్తి చేతికిచ్చారు. "ఈ వీధి ఎడమవైపు నీది" అన్నారు. నా ఇంగ్లీషు వాళ్లకు అర్థమవుతుందో లేదోనని వణుకు. మొదటి ఇంటాయన తలుపు సగం తీసి, నా ముఖం చూసి ధడాలున వేసేశాడు. రెండో ఇంట్లో ఎవరూ లేరు. మూడో ఇంట్లో ఒక ముసలాయన. చేతిలో టీ కప్పు, కాళ్లకు ఉన్ని జోళ్లు. నేను అప్పజెప్పిన పాఠమంతా చివరిదాకా విని, "లోపలికి రా, బయట చలిగా ఉంది" అన్నాడు. ఈ దేశంలో తెల్లవాళ్ల ఇంట్లో నేను కూర్చున్న మొదటి కుర్చీ అది.

ఆయన నాకు యార్క్ సౌత్ కథ చెప్పాడు. అది ఈ టొరంటోలోదే. 1942 ఫిబ్రవరి, యుద్ధం రోజులు. ఆర్థర్ మీయన్ అని అంతకుముందు ప్రధానిగా చేసినవాడు, కన్సర్వేటివ్ పార్టీ నాయకుడు. సెనేట్‌కు రాజీనామా ఇచ్చి, పార్లమెంటులోకి రావడానికి యార్క్ సౌత్‌లో నిలబడ్డాడు. అది వాళ్ల కంచుకోట. పైగా లిబరల్స్ అభ్యర్థినే పెట్టలేదు. ఇంక ఎదురేముంది అనుకున్నారు. ఎదురు నిలిచింది సీసీఎఫ్, అంటే మా పార్టీకి తల్లి పార్టీ. అభ్యర్థి జోసెఫ్ నోజ్‌వర్తీ, హైస్కూల్ టీచరు. మీయన్ గారిది ఒకటే పాట: కుర్రాళ్లను నిర్బంధంగా సైన్యంలోకి పట్టాలి. సీసీఎఫ్ వాళ్లు ఏమన్నారంటే, కుర్రాళ్లను పట్టేముందు డబ్బున్నవాళ్ల ఆస్తుల్ని పట్టండి, యుద్ధం అయ్యాక పనిచేసేవాడికి భద్రత ఏమిస్తారో చెప్పండి అన్నారు. ఫిబ్రవరి 9న ఓట్లు లెక్కపెడితే టీచరు గెలిచాడు. మాజీ ప్రధాని ఇంటికి పోయాడు.

ముసలాయన అప్పుడు పడుచువాడట. మోకాళ్ల లోతు మంచులో ఇల్లిల్లూ తిరిగాడట. "మేమెవరమూ గెలుస్తామనుకోలేదు. తలుపులు కొట్టాం, అంతే" అన్నాడు. పోతూ పోతూ, మా బోర్డు ఆయన గడ్డిలో పాతి వచ్చాను. ఈ సుత్తితో మొదటి దెబ్బ అక్కడ పడింది.

పోలింగ్ రోజు నన్ను ఏజెంటుగా ఒక చర్చి బేస్‌మెంట్లో కూర్చోబెట్టారు. మన దగ్గర అప్పట్లో గుర్తు మీద ముద్ర గుద్దేవాళ్లం, వేలికి సిరా పూసేవాళ్లు కదా. ఇక్కడ గుర్తుల్లేవు. నల్లటి కాగితం మీద తెల్లటి సున్నాలు, పక్కన పేర్లు. సున్నాలో పెన్సిలుతో ఇంటూ మార్కు పెట్టి, మడిచి, అట్టపెట్టెలో వెయ్యడమే. పోలింగ్ అయిపోగానే తలుపు మూసి అక్కడే, ఆ బల్ల మీదే లెక్క. అధికారి ఒక్కో కాగితం విప్పి మా ముందు ఎత్తి చూపించేది. నేను నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డగీత చొప్పున గీసుకుంటూ పోయాను. అమ్మలూ, ఒక కాగితం వచ్చింది. పెన్సిలు ఎంత అదిమి పెట్టారో, ఇంటూ మార్కు మధ్యలో కాగితం చిరిగి వెలుతురు కనిపించింది. మా వాడికే. అది ఆ ముసలాయనదేనని నాకు ఎందుకో గట్టిగా అనిపించింది. ఎవరిదో తెలుసుకునే దారి లేదనుకో, తెలియకూడదు కూడా.

మా అభ్యర్థి గెలిచాడు. ముప్పై ఏళ్ల కుర్రాడు, పేరు బాబ్ రే. మరుసటి ఏడాది డిసెంబరులో ప్రధాని జో క్లార్క్ ప్రభుత్వాన్ని పడగొట్టిన తీర్మానం పెట్టింది ఆయనే. 139కి 133తో పడింది ఆ ప్రభుత్వం. మా వీధి నుంచి వెళ్లినవాడు దేశంలో ప్రభుత్వాన్నే దించాడని మేం పొంగిపోయాం. తరవాత రాష్ట్ర రాజకీయాల్లోకి దిగి, 1982లో ఇంకో ఉప ఎన్నికలో గెలిచాడు. ఎక్కడ? అదే యార్క్ సౌత్ పేరు మీదున్న సీటులో. 1990లో ఒంటారియో ముఖ్యమంత్రి కూడా అయ్యాడు. మా పార్టీకి ఈ రాష్ట్రంలో అదొక్కటే పరిపాలన.

అదే బాబ్ రే 2008 మార్చిలో టొరంటో సెంటర్ ఉప ఎన్నికలో మళ్లీ నిలబడి గెలిచాడు. ఈసారి లిబరల్ అభ్యర్థిగా. ఆ రాత్రి నేను టీవీ కట్టేసి చాలాసేపు చీకట్లో కూర్చున్నాను. మనిషి మీద కోపం కాదు. ఆయన కారణాలు ఆయనకుంటాయి. ఆ చిరిగిన కాగితం గుర్తొచ్చింది, అంతే.

కానీ మా వాళ్లకు మంచి రోజులు కూడా అప్పుడే మొదలయ్యాయి. 2007 సెప్టెంబరులో మాంట్రియల్లో ఊట్రమాంట్ ఉప ఎన్నిక. లిబరల్స్ కంచుకోట అది. క్యూబెక్‌లో మా పార్టీ అంతకుముందు గెలిచింది ఒక్క సీటే, అదీ 1990లో షాంబ్లీ ఉప ఎన్నికలో. మా పార్టీ నాయకుడు జాక్ లేటన్ గారు పట్టుబట్టి టామ్ మల్కేర్‌ను తెచ్చి నిలబెట్టారు. క్యూబెక్ రాష్ట్రంలో లిబరల్ మంత్రిగా ఉండి, ఒక కొండ దగ్గరి పార్కు భూమి అమ్మకం నచ్చక బయటికొచ్చినవాడు. గెలిచాడు. నాలుగేళ్లకు, 2011లో, అదే క్యూబెక్‌లో 59 సీట్లు, దేశం మొత్తం మీద 103. మొదటిసారి ప్రధాన ప్రతిపక్షం అయ్యాం. ఒక ఉప ఎన్నికలో పెట్టిన నారు అలా పండింది.

ఆ ఆగస్టు 22న జాక్ వెళ్లిపోయాడు. సిటీ హాల్ ముందు నేల మీద, గోడల మీద జనం సుద్దముక్కలతో ఆయనకు ఉత్తరాలు రాశారు. మీ నాన్న నన్ను తీసుకెళ్లాడు. నేను తెలుగులో రాశాను. ఏం రాశానో మీ నాన్ననడగండి, నేను చెప్పలేను.

ఆయన సీటు టొరంటో-డాన్‌ఫోర్త్, అంటే మా పాత బ్రాడ్‌వ్యూ చుట్టుపక్కలే. 2012 మార్చి 19న ఉప ఎన్నిక. మన రాష్ట్రాల్లో అయితే నాయకుడు పోతే భార్యకో కొడుక్కో టికెట్, సానుభూతి ఓటు, తరచూ అదే జరుగుతుంది. ఇక్కడ ఆయన భార్య ఒలీవియా చౌ అప్పటికే ఇంకో నియోజకవర్గంలో ఎంపీ. పార్టీ క్రెయిగ్ స్కాట్ అని ఒక లా ప్రొఫెసర్‌ను పెట్టింది. ఆ మార్చిలో వింతగా ఎండ కాసింది, వేసవిలాగా. నాకు అరవై దాటాయి. అయినా ఈ సుత్తి పట్టుకుని, కోటు విప్పేసి, చొక్కా చేతులు మడిచి బోర్డులు పాతాను. ఆ ముసలాయన ఇల్లు చూశాను. ఎవరో కొత్తవాళ్లున్నారు. తలుపు తీసిన అమ్మాయి నా చేతిలో బోర్డు చూసి, "అక్కడ పాతండి, పాత గుంత ఉంటుంది" అంది. స్కాట్ గెలిచాడు. సీటు నిలబడింది. నేను బోర్డులు పాతిన ఆఖరి ఎన్నిక అది.

తరవాతవి నువ్వు చూసినవే. 2014లో ఒలీవియా మేయరుకు పోటీ చేద్దామని రాజీనామా చేస్తే, ట్రినిటీ-స్పడైనా ఉప ఎన్నికలో లిబరల్స్ ఎగరేసుకుపోయారు. ఆమె మేయరైంది 2023లో, అదీ మళ్లీ ఉప ఎన్నికలోనే, 102 మంది పోటీలో. 2024 జూన్‌లో సెయింట్ పాల్స్ ఉప ఎన్నికలో లిబరల్స్ ముప్పై ఏళ్ల కోట కన్సర్వేటివ్‌లకు పోయింది. తెల్లవారుజాము దాకా లెక్కించారు. 84 మంది అభ్యర్థులు, దాదాపు మీటరు పొడవు బ్యాలెట్. ఒక బృందం వాళ్లు నిరసన కోసం వాళ్లలో చాలామందిని నిలబెట్టారు. ఎన్నికల నియమాలు రాసే పని రాజకీయ నాయకుల చేతుల్లో ఉండకూడదని వాళ్ల వాదన. వాదన న్యాయమైనదే. 2015లో జస్టిన్ ట్రూడో ఈ ఓటింగ్ పద్ధతి మారుస్తానని మాటిచ్చి, 2017లో కాదు పొమ్మన్నాడు. ఆ మాట తప్పడం నేను మరిచిపోలేదు. కానీ చూపు ఆనని ముసలమ్మ మీటరు కాగితంలో పేరు వెతుక్కుంటుంటే నాకు బాధే. 2025 ఆగస్టులో ఆల్బర్టాలో బ్యాటిల్ రివర్-క్రోఫుట్‌లో 214 మంది నిలబడేసరికి పేర్లు అచ్చువెయ్యడమే మానేసి, ఖాళీ గీత మీద ఓటరే పేరు రాయాల్సి వచ్చింది.

ఆ ఎన్నిక ఎందుకొచ్చింది? కన్సర్వేటివ్ నాయకుడు పియర్ పొయిలీవ్ర్ ఏప్రిల్‌లో తన సొంత సీటు కార్ల్‌టన్ పోగొట్టుకున్నాడు. ఆల్బర్టాలో గెలిచిన వాళ్ల పార్టీ ఎంపీ రాజీనామా చేసి దారిచ్చాడు. నాకు నచ్చలేదు. అక్కడి జనం ఏప్రిల్‌లోనే ఒకరిని ఎన్నుకున్నారు కదా. మా పార్టీ నాయకులూ చేశారులే, టామీ డగ్లస్ 1962లో రెజీనాలో ఓడి బర్నబీ-కోక్విట్లమ్ ఉప ఎన్నికకు పోయాడు. జగ్మీత్ సింగ్ 2019లో ఒంటారియో నుంచి బర్నబీ పోయాడు. అప్పుడూ నేను మన ఊరివాడే నిలబడాలన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

ఆ 2025 ఏప్రిల్‌లోనే మా పార్టీకి ఏడు సీట్లు మిగిలాయి. పార్లమెంటులో పార్టీగా గుర్తింపు ఉండాలంటే పన్నెండు కావాలి. మీ నాన్న ఫోన్ చేసి, "నాన్నా, పడుకున్నావా" అనడిగాడు. పడుకోలేదు.

నాకు డెబోరా గ్రే గుర్తొచ్చింది. మా పార్టీ కాదు, మా మాటలకు పూర్తిగా అవతలి మనిషి. ఆల్బర్టాలో స్కూల్ టీచరు. 1988 ఎన్నికలో బీవర్ రివర్‌లో రిఫార్మ్ పార్టీ తరఫున నిలబడి చిత్తుగా ఓడిపోయింది. గెలిచినాయన ప్రమాణం చెయ్యకుండానే చనిపోయాడు. 1989 మార్చిలో ఉప ఎన్నిక. అదే మనిషి, అదే ఊరు, ఈసారి గెలిచింది. ఆ పార్టీకి మొత్తం పార్లమెంటులో ఆమె ఒక్కతే. నాలుగేళ్లకు వాళ్లు 52 మంది. అప్పటిదాకా ఏలిన కన్సర్వేటివ్‌లు ఇద్దరు. ఆవిడ చెప్పిందొక్కటీ నాకు నచ్చదు, కానీ ఆ నాలుగేళ్ల ఒంటరి కుర్చీకి నేను చెయ్యెత్తి మొక్కుతాను. మాకు ఆ 2025 ఏప్రిల్‌లో ఇంకా ఏడుగురు మిగిలారు.

ఏమిటమ్మలూ? వచ్చే ఏడాది నీకు పద్దెనిమిది నిండుతాయా? అయితే ఆ సుత్తి ఇలా ఇయ్యి. పిడి ఇలా ఆడుతుంటే బోర్డు మీద కొట్టినప్పుడు తల ఊడి ఎవరి కాలిమీదో పడుతుంది. రేపు మంచు ఎత్తాక గ్యారేజీలో ఓ చిన్న మేకుచెక్క చెక్కి పిడిలో దిగగొడదాం. ఆ మూలన ఆముదం సీసా ఉంటుంది చూడు, అది కూడా తీసుకురా.