ఆకాశానికి హద్దురాళ్ళు

2025 ఫిబ్రవరిలో ఒక వార్త లోకాన్ని కలవరపరచింది. అంతకు రెండు నెలల ముందు కనబడిన 2024 వైఆర్4 అనే గ్రహశకలం 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొనే అవకాశం 3.1 శాతమని నాసా లెక్కగట్టింది. సుమారు అరవై మీటర్ల ఆ శిల పడగల మేర పసిఫిక్ సముద్రం నుండి ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా దక్షిణాసియా దాకా వ్యాపించింది. ఫలానా ఊరని ఎవరూ చెప్పలేదు. కాని కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాలలోనైనా, వనపర్తి, నాగర్‌కర్నూలులలోనైనా ఆ వార్త చదివినవారు దాన్ని పరాయి దేశపు ముచ్చటగా భావించి ఉండరు.

నెల తిరగకముందే ఆ అవకాశం దాదాపు సున్నకు దిగింది. ఆ శిలను ఎవరూ పక్కకు నెట్టలేదు. దాని స్థానాన్ని పదే పదే కొలిచి, దారిని సరిగా తెలుసుకున్నారు. అంతే.

ఈ కొలత విద్యలో మన పాలు కూడా ఉంది. గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం రాజ్యంలో అంతర్భాగాలుగా ఉన్న కాలమది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో నెలకొల్పిన నిజామియా వేధశాల, ఆయన మరణానంతరం 1908లో ప్రభుత్వాధీనమై బేగంపేటకు తరలింది. అదే ఏడు జూన్ 30న సైబీరియాలోని తుంగుస్కా వద్ద ఆకాశంలో ఒక శిల పేలి రెండువేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని నేలకూల్చింది.

ఆకాశమంతటినీ ఛాయాచిత్రాల్లో బంధించి నక్షత్రాల పట్టిక తయారుచేయాలని వివిధ దేశాల వేధశాలలు పూనుకున్న మహాకార్యంలో, దక్షిణాకాశాన 17 నుండి 23 డిగ్రీల వరకు గల భాగం హైదరాబాదు వంతుకు వచ్చింది. ఆర్థర్ చాట్‌వుడ్ ఆరంభించిన ఆ పనిని పోకాక్, తరువాత తొలి భారతీయ సంచాలకుడు టి.పి. భాస్కరన్ కొనసాగించారు. గాజు పలకలపై చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి, ఏళ్ళ తరబడి సంపుటాలుగా ప్రకటించారు.

తప్పిపోయిన ఎద్దును ఎక్కడ చూశావంటే రైతు ఫలానా హద్దురాయి పక్కన అంటాడు. గ్రహశకలం జాడ చెప్పడానికీ హద్దురాళ్ళు కావాలి, అవి నక్షత్రాలే. అవీ మెల్లగా కదులుతాయి కనుక పాత కొలతలకు విలువ. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో ఇరవై అయిదు లక్షల తారల చలనాలను తేల్చడానికి ఆ పాత పట్టికలే ఆధారమయ్యాయి.

2022 సెప్టెంబరు 26న డార్ట్ నౌక డైమోర్ఫస్‌ను ఢీకొని, దాని పరిభ్రమణ కాలాన్ని అరగంటకు పైగా తగ్గించింది. అది గొప్ప విజయమే. అయితే 2013లో చెల్యాబిన్‌స్క్ మీద పేలిన శిల సూర్యుని దిక్కునుండి వచ్చినందున ముందుగా ఎవరికీ కనబడలేదు. సుమారు పదిహేను వందల మంది గాయపడ్డారు. కనబడనిదాన్ని ఏ నౌకా ఆపలేదు.

బేగంపేటలో చుక్కలు కొలిచినవారు భూమిని కాపాడుతున్నామని తలచి ఉండరు. తమకిచ్చిన ఆకాశపు తునకను తప్పులేకుండా కొలవడమే వారెరిగిన పని. ఆ శ్రద్ధకు మనం ఋణపడి ఉన్నాం.