దానవిద్య

ఇచ్చుట కూడ నొకరు నేర్పవలయునా యని మనవారడుగుదురు. వాకిట నిలిచినవానికి పిడికెడు బియ్యము వేయుటకు పాఠశాల యక్కఱలేదు, నిజమే. కాని పదిమంది వచ్చి నిలిచి, మనచేత నొక్కరికి మాత్రమే చాలునంత యున్నప్పుడు, ఎవరికిచ్చి యెవరికి లేదనవలయునో నిర్ణయించుట కేవలము దయవలన సాధ్యపడదు. అది యొక విద్య. అభ్యాసమున గాని యలవడదు.

మన పూర్వులీ సంగతి నెఱుగనివారు కారు. క్రీ. శ. 12వ శతాబ్దమున గాహడవాల రాజుల మంత్రియగు లక్ష్మీధరుడు తన కృత్యకల్పతరువులో దానకాండమును కూర్చెను. ఆ శతాబ్దముననే వంగదేశపు రాజగు బల్లాలసేనుని పేర దానసాగరము వెలసెను. 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల మంత్రియగు హేమాద్రి చతుర్వర్గచింతామణిలో దానఖండమును విస్తరించెను. దాత యెట్టివాడు, ద్రవ్యమెట్టిది, దేశకాలములెవ్వి, పాత్రుడెవ్వడు అని దానాంగములను విడదీసి విచారించిన గ్రంథములివి. వీనిని కూర్చినవారు రాజ్యవ్యవహారములను నడపినవారని చదువరులు గమనింపగోరెదము. ఇచ్చుటలోని చిక్కులు వారికి పుస్తకములలో మాత్రమే తెలిసినవి కావు.

అయితే వారి విచారణకొక గోడ యడ్డముగా నుండెను. పాత్రుడనగా ప్రధానముగా వేదాధ్యయనసంపన్నుడగు బ్రాహ్మణుడే. ఆకలిగొన్నవానికన్నమిడునప్పుడు పాత్రత నెంచనక్కఱలేదనిరి గాని, శాస్త్రోక్తమైన మహాదానములకట్టివాడు పాత్రుడు కాడు. విద్యాదానము శ్రేష్ఠమని పొగడిన శాస్త్రములే యా విద్యకెవ్వరర్హులు కారో కూడ చెప్పెను.

ఆ గోడను కదలించిన తావులలో నొకటి తిరుపతికిని శ్రీకాళహస్తికిని నడుమనున్న ఏర్పేడు. కేరళదేశమున 1885లో జన్మించి, తిరుమలకొండపై గోగర్భమున బహుకాలము తపస్సు చేసిన మలయాళస్వామి 1926లో అచ్చట వ్యాసాశ్రమమును స్థాపించెను. సంస్కృతమును, ఉపనిషత్తులను, వేదాంతమును కులభేదము లేకయు, స్త్రీపురుషభేదము లేకయు నేర్పించెను. పూర్వాచారపరులాక్షేపించిరి. ఆయన వెనుదీయలేదు.

దానచరిత్రలో దీనిని మేమొక గొప్ప మార్పుగా నెంచుచున్నాము. ఇచ్చిన వస్తువు క్రొత్తది కాదు, పాతవిద్యయే. పాత్రుడెవ్వడను ప్రశ్నకు సమాధానము మాత్రము మాఱినది. పుట్టుకనుబట్టి పాత్రతను నిర్ణయించుట సులభము. వంశమడిగిన చాలును. అవసరమును, జిజ్ఞాసను బట్టి నిర్ణయించుట కష్టము. పోయి చూడవలయును, విచారింపవలయును, ఒకనితోనొకని తూచవలయును. సంస్కర్తలా గోడను కూల్చినప్పుడు మనకు స్వేచ్ఛయొక్కటియే యీయలేదు, వెనుకటికంటె హెచ్చు వివేకము గలిగియుండవలసిన భారమును గూడ మనపై నుంచిరి.

ఆ వివేకమును మన కళాశాలలు నేర్పుచున్నవా? 1969లో 37 విశ్వవిద్యాలయములలో నారంభమైన జాతీయసేవాపథకము విద్యార్థులను పల్లెలకు పంపి శ్రమదానమును నేర్పినది. అది మేలైన పనియే. కాని కొంత ధనమును వారిచేతబెట్టి, దీనినెవరికీయవలయునో మీరే తేల్చుడనుట దాని పద్ధతి కాదు.

ఆ ప్రయోగము అమెరికాలో జరిగినది. 2000వ సంవత్సర ప్రాంతమున నార్తర్న్ కెంటకీ విశ్వవిద్యాలయము మేయర్‌సన్ కుటుంబనిధి సహాయముతో దీనిని తరగతిలో ప్రవేశపెట్టెను. తరువాత డోరిస్ బఫెట్ అను వదాన్యురాలు పెక్కు కళాశాలలలో నిట్టి తరగతులకు 10,000 డాలర్ల వరకు సమకూర్చెను. పద్ధతి యిది. విద్యార్థులు తమ యూరి కొఱతలను మొదట పరిశీలింతురు. సేవాసంస్థలనుండి యర్జీలు తెప్పించుకొని, వారి జమాఖర్చులు చదివి, స్వయముగా పోయి చూతురు. పిమ్మట వాదించుకొని తీర్మానము చేయుదురు. ధనము నిజమైనది, కావున తీర్మానమును నిజమైనదే. అనాథబాలికల వసతిగృహమునకా, వృద్ధుల యాశ్రమమునకా, వైద్యశాలకా యని తేల్చుకొనవలసి వచ్చినప్పుడు, రెంటికి లేదని చెప్పక తప్పదు. ఏ యుపన్యాసమును ఈ కష్టమును నేర్పజాలదు.

పరధనముతో నౌదార్యము నేర్చుట యేమి నేర్పని కొందఱాక్షేపింతురు. పేదల దైన్యము విద్యార్థులకు ప్రదర్శనవస్తువగునని మఱికొందఱందురు. రెండవ యాక్షేపణ బలమైనది. పోయినవారు వినుటకు పోవలయును గాని పరీక్షించుటకు కాదు. ఈయబడనివారికి కారణము మర్యాదతో తెలుపవలయును. మొదటి యాక్షేపణకు సమాధానము మన చట్టములోనే యున్నది. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము 135వ విభాగము ప్రకారము, 5 కోట్ల రూపాయలు గాని యంతకుమించి గాని నికరలాభము గల కంపెనీలు, గడచిన మూడేండ్ల లాభముల సగటులో నూటికి 2 వంతులు సామాజిక కార్యములకు వెచ్చింపవలయును. 2014 ఏప్రిల్ 1 నుండి యిది యమలులోనున్నది. అనగా పరధనమును పంచిపెట్టుట యిప్పుడొక యుద్యోగధర్మమైనది.

ఈ ధర్మమునకు వచ్చువారెవరు? వారిలో ననేకులు ఏర్పేటినుండియే రాగలరు. 2015లో ఏర్పడిన తిరుపతి ఐ.ఐ.టి.యు, ఐసర్ అను విజ్ఞానవిద్యాసంస్థయు నేడాయూరి పరిసరములందే యున్నవి. ఇచ్చటి విద్యార్థి యంత్రమును నిర్మించుట నేర్చును, ప్రయోగశాలలో తప్పొప్పులను కొలుచుట నేర్చును. రేపు వాని సంతకముతో కోట్లు పంచిపెట్టబడవచ్చును. అప్పుడు తెలిసినవానికి, తనవానికి, బాగుగా నాంగ్లమున నర్జీ వ్రాసినవానికి మాత్రమే చేయి చాచెనేని, పుట్టుకనడిగిన పాతగోడయే క్రొత్త సున్నముతో మరల లేచినట్లగును. ఈ భయము వట్టిది కాదు. అర్జీ వ్రాయనేరని పల్లెటూరి సంఘమునకు అడుగువారెవ్వరును లేరు.

కావున ప్రతి కళాశాలయు నేటేట నొక తరగతికి, లక్ష రూపాయలైనను సరే, నిజమైన ధనమిచ్చి నిర్ణయభారమును వారికప్పగింపవలయునని మా యభిప్రాయము. ఏడాది కడపట ఆ ధనమేమైనదో వారే పోయి చూచి, లెక్క చెప్పవలయును. గృహస్థులును దీనికై కళాశాలలకొఱకు కాచుకొనియుండనక్కఱలేదు. పండుగనాడు ధర్మము చేయదలచిన సొమ్ములో కొంత పిల్లలచేతికిచ్చి, ఎవరికిచ్చితిరి, ఎవరికీయలేదు, ఎందుచేత అని మూడు ప్రశ్నలడిగిన చాలును. మూడవదానికి సమాధానము తడుముకొనుచు చెప్పునాడు ఆ బిడ్డ దానవిద్యలో తొలిపాఠము చదివినట్లే.